కట్టిన చెయ్యి

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల ఏడు నిమిషాలకు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఒకటో నంబరు రోలర్ మడతక్క కుడిచేతి నాలుగు వేళ్లను లోపలికి లాక్కుంది. బొటనవేలు బయట మిగిలింది.

అప్పుడు పరుగమ్మ కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఆ రోలర్ మీద ఉదయం ఆరు నుంచి రెండు వరకు ఆమె డ్యూటీ, రెండు నుంచి పది వరకు మడతక్క డ్యూటీ. మడత పెట్టిన దుప్పటి అంచుకు అంచు తప్పదని మడతక్కకు ఆ పేరు వచ్చింది. గంట కొట్టగానే చర్చికి పరుగెత్తుతుందని ఇరవయ్యేళ్ల అమ్మాయికి పరుగమ్మ అని మడతక్కే పేరు పెట్టింది. ఆ రోజు రెండున్నరకు, ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారం పాటకు ప్రాక్టీసు ఉంది.

రోలర్ ముందు వేళ్లకు అందే ఎత్తులో ఒక ఇనుప బార్ ఉంటుంది. వేలు తగిలితే రోలర్ ఆగుతుంది. తడి దుప్పటి ఉండచుట్టుకుని తగిలినా ఆగుతుంది. మళ్లీ తిరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. గంటకు నూట ఇరవై దుప్పట్లు తియ్యాలి. అందుకని పాత దుప్పటి అంచు చించి, ఆ పట్టీతో బార్‌ను కదలకుండా ఎడమవైపు కడ్డీకి కట్టేస్తారు. డ్యూటీ మారేటప్పుడు విప్పేస్తారు. కట్టిన చెయ్యే విప్పాలి, అది అక్కడి మాట. పరుగమ్మకు ఆ మాట నేర్పింది మడతక్క. ముడి నేర్పిందీ మడతక్కే.

కేక విని పరుగమ్మ వెనక్కి పరుగెత్తింది. ఎర్ర బటన్ కొట్టింది. డ్రయ్యర్ల దగ్గర నుంచి ఇద్దరు వచ్చి చేతిచక్రం తిప్పి రోలర్‌ను పైకి లేపారు. మడతక్కను నేల మీద పడుకోబెట్టి తల కింద తువ్వాళ్లు పెట్టారు. అందరూ ఆమె చుట్టూ చేరారు. దుప్పట్ల కుప్ప వెనక కడ్డీకి పట్టీ అలాగే ఉంది. పరుగమ్మ ముడి కొస పట్టుకుని లాగింది. ఒక్క లాగుకు వచ్చింది. పట్టీని జేబులో పెట్టుకుంది.

రెండూ పన్నెండుకు సూపర్‌వైజర్ వచ్చాడు. అంబులెన్సు వెళ్లాక రోలర్ ఆన్ చేయించి, చీపురు కర్రతో బార్‌ను నొక్కాడు. రోలర్ ఆగింది. మూడుసార్లు నొక్కాడు, మూడుసార్లూ ఆగింది.

“బార్ పనిచేస్తోంది. అందరూ చూశారుగా” అన్నాడు.

మూడూ పదికి పరుగమ్మ చర్చికి చేరింది. రెండో వరసలో నిలబడి పాట పాడింది.

*

మంగళవారం ఉదయానికి రోలర్ మీది గుడ్డ మార్చేశారు. పరుగమ్మ పట్టీ కట్టకుండా పని మొదలుపెట్టింది. మొదటి గంటలో రోలర్ పదకొండుసార్లు ఆగింది. డెబ్బై నాలుగు దుప్పట్లు తేలాయి.

పది గంటలకు సూపర్‌వైజర్ గదిలోకి పిలిచాడు. ఆయన చర్చిలో సంఘపెద్ద కూడా. ఇక్కడ ఆయన్ని ‘సార్’ అనాలి, అక్కడ ‘అంకుల్’ అనాలి. టేబుల్ మీద ఒక కాగితం, పక్కన ఇంకుప్యాడ్ ఉన్నాయి.

“ఆమె వాంగ్మూలం ఇది. చదవనా? ‘రోలర్ వద్ద భద్రతా బార్ సక్రమంగా ఉన్నది. నా అజాగ్రత్త వలన ప్రమాదం జరిగినది. ఇందులో ఎవరి తప్పు లేదు.’ అంతే. కింద సాక్షి సంతకం కావాలి. ఎర్ర బటన్ కొట్టింది నువ్వే కదా, నువ్వు పెడితే బాగుంటుంది.”

కాగితం అడుగున ఊదారంగు వేలిముద్ర ఉంది.

“అక్కకు సంతకం వచ్చు సార్” అంది పరుగమ్మ.

మడతక్క మూడేళ్ల కిందట సంతకం నేర్చుకుంది. అప్పటి నుంచి రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా వెనక వరసను ఆపేది. “తోసుకోకండే, అక్షరం వంకర పోతుంది” అనేది.

“ఎడమచేతి వేలిముద్ర అది. కుడిది కుదరదు కదా” అన్నాడు సూపర్‌వైజర్. పెన్ను మూత తీసి ఇచ్చాడు.

పరుగమ్మ సంతకం పెట్టింది. ఆయన కాగితాన్ని ఊది, ఫైల్లో పెట్టాడు.

“ఆదివారం పాట ఎంతవరకు వచ్చిందమ్మా?”

“రెండు చరణాలు వచ్చాయి సార్.”

“మూడోది గట్టిగా ఎత్తుకోవాలి. పోయినేడు అక్కడే జారారు.”

*

బుధవారం సాయంత్రం యూత్ మీటింగు. లెంటు, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసకాలం, మొదలైన రోజున పాస్టరు గారు ముప్ఫై ఒక్క మందికి ముప్ఫై ఒక్క కార్డులు ఇచ్చారు.

“ప్రతి ఏడూ మాంసం మానేశాం, సినిమా మానేశాం అంటారు. పండగ మర్నాడు వడ్డీతో సహా లాగిస్తారు. ఈసారి మీరేదీ మానక్కర్లేదు. ఎవరికి అన్యాయం చేశారో వాళ్ల గుమ్మం ఎక్కండి, క్షమించమని అడగండి. అక్కడి నుంచి కొత్తగా మొదలుపెట్టండి” అని అప్పుడు చెప్పారు.

కార్డు మీద రెండు గీతలున్నాయి. పై గీత మీద ‘ఎవరి దగ్గరికి వెళ్లాను’ అనీ, కింది గీత మీద ‘వారి సంతకం’ అనీ అచ్చు వేయించారు. మట్టల ఆదివారం నాటికి కార్డులన్నీ తిరిగి రావాలి.

ఈ మీటింగులో గిటారు వాయించే కుర్రాడు లేచి తన కార్డు చూపించాడు. “మా చెల్లి దగ్గరికి వెళ్లాను అయ్యగారూ. దాని చార్జర్ విరగ్గొట్టి పిల్లి మీద పెట్టాను. క్షమించింది గానీ, సంతకానికి కొత్త చార్జర్ అడిగింది.”

“పిల్లి దగ్గరికి కూడా వెళ్లు” అన్నారు పాస్టరు గారు. అందరూ నవ్వారు. ఆయన పరుగమ్మ వైపు తిరిగారు. “నీ కార్డేదమ్మా?”

“ఇంకా రాయలేదు అయ్యగారూ.”

“పరుగమ్మ తప్పు చెయ్యడానికి ఒకచోట ఆగితే కదా!” అన్నాడు గిటారు కుర్రాడు. మళ్లీ నవ్వారు.

చివర్లో సంఘపెద్ద లేచాడు. “మా లాండ్రీలో ఒక సోదరి సొంత అజాగ్రత్త వల్ల వేళ్లు పోగొట్టుకుంది. మన సంఘం మనిషి కాకపోయినా ఆమె కోసం ప్రార్థన చేద్దాం” అన్నాడు. అందరూ తలలు వంచారు. పరుగమ్మ చెయ్యి గౌను జేబులోకి వెళ్లింది. పట్టీ అక్కడే ఉంది. సోమవారం నుంచి ఏ బట్ట వేసుకుంటే ఆ బట్ట జేబులోకి మారుస్తోంది.

ఇంటికి వెళ్లి తల్లితో చెప్పింది. తల్లి ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

“ఎవరైనా చూశారా?”

“లేదనుకుంటా.”

“మరింకేం? ఆ పట్టీ పొయ్యిలో పడెయ్.”

“అమ్మా, కాగితం మీద తప్పంతా అక్కదే అని రాశారు. ఆమెను మళ్లీ పనిలోకి రానివ్వరు.”

“నీ ఉద్యోగం పోతే ఆవిడకి వేళ్లు మొలుస్తాయా? మొలుస్తాయంటే చెప్పు, రేపు నేనే తీసుకెళ్తా.” తల్లి కళ్లు తుడుచుకుంది. “పాడు ఉల్లిపాయలు” అంది.

పరుగమ్మ పట్టీని పొయ్యి దాకా తీసుకెళ్లింది. అక్కడ కాసేపు నిలబడి, మళ్లీ జేబులో పెట్టుకుంది.

*

గురువారం మూడు గంటలకు మడతక్క ఇంటి తలుపు ఆమె భర్త తీశాడు. పరుగమ్మను గుర్తుపట్టి, పక్కకు జరగకుండా అక్కడే నిలబడ్డాడు.

“రానివ్వు” అంది లోపల్నుంచి మడతక్క.

మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఒళ్లో ఒక తువ్వాలు. ఒక కొసను గడ్డం కింద నొక్కిపట్టి, రెండో కొసను ఎడమచేత్తో దానికి కలపబోయింది. తువ్వాలు జారి మంచం కింద పడింది. భర్త తీసి ఇచ్చాడు. మళ్లీ మొదలుపెట్టింది.

“రావే పరుగమ్మా. ఇవాళ నడిచే వచ్చినట్టున్నావు.”

“అక్కా, ఎలా ఉంది?”

“లేని వేళ్లు దురద పెడుతున్నాయే. ఎక్కడ గోక్కోవాలో తెలీట్లేదు.”

పరుగమ్మ నవ్వలేదు. మడతక్క కూడా నవ్వలేదు.

“ఆ రోజు బార్...” అంది పరుగమ్మ.

“ఊఁ.”

“నేనే కట్టానక్కా. గంట కొట్టగానే వెళ్లిపోయాను. విప్పడం మర్చిపోయాను.”

“తర్వాత విప్పావుగా.”

పరుగమ్మ తలెత్తింది.

“కింద పడి ఉన్నా నా కళ్లు తెరిచే ఉన్నాయి. అందరూ నా చేతినే చూస్తున్నారు. నేను నిన్ను చూస్తున్నా. ఒక్క లాగుకు వచ్చింది. ముడి బాగానే నేర్పానే అనుకున్నా.”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“ఆస్పత్రికొచ్చి వేలిముద్ర వేయించుకుపోయినప్పుడు మత్తులో ఉన్నా. తెలివొచ్చాక, చూద్దాం, అదే చెబుతుందిలే అనుకున్నా. మంగళవారం చూశా. సాయంత్రం మా ఆయన వెళ్లి కాగితం అడిగితే కింద సాక్షివి నువ్వని చెప్పారు. నిన్న కూడా చూశా.” తువ్వాలు మళ్లీ జారింది. ఈసారి తీసుకోలేదు. “ఇవాళొచ్చావు.”

పరుగమ్మ ఏడ్చింది. మడతక్క ఆపమనలేదు. భర్త వాకిట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి పరుగమ్మ ముఖం తుడుచుకుని సంచిలోంచి కార్డు తీసింది. లెంటు గురించి చెప్పింది. పాస్టరు గారు ఏమన్నారో చెప్పింది. రెండు గీతలూ చూపించింది. పెన్ను మూత తీసి మడతక్క ముందుకు చాపింది.

మడతక్క పెన్ను వైపు చూసింది. తర్వాత పరుగమ్మ వైపు చూసింది. కట్టు కట్టిన చేతిని దిండు మీద నుంచి ఎత్తింది.

“దేంతో పెట్టనే?”

పరుగమ్మ పెన్ను వెనక్కి తీసుకుంది. మూత పెట్టబోతే కుదరలేదు. రెండుసార్లు తప్పి వేలికి గీత పడింది.

“వేలిముద్ర వెయ్యమంటావేమో. అది ఈ వారం ఒకసారి వేశా, చాలు.”

“నన్ను క్షమించు అక్కా.”

“నన్ను చూసి అడుగుతున్నావా, ఆ కార్డును చూసి అడుగుతున్నావా?”

పరుగమ్మ కార్డును బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకుంది.

“కట్టిన చెయ్యే విప్పాలని చెప్పానా లేదా? నా మంచం దగ్గర ఏడిస్తే విప్పినట్టు కాదు. ఎక్కడ కట్టావో అక్కడికి వెళ్లి విప్పు. ఇంక లే. ఆయనకు డ్యూటీ వేళైంది, ఆ లోపు నాకు అన్నం తినిపించాలి.”

మెట్ల మీద కూర్చుని పరుగమ్మ కార్డు పై గీత మీద మడతక్క పేరు రాసింది. జేబులోంచి పట్టీ తీసి కార్డు చుట్టూ చుట్టి సంచిలో పెట్టింది.

*

శుక్రవారం ఉదయం సూపర్‌వైజర్ గదిలో ఆమె నిలబడే చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు. లేచి తలుపు మూశాడు.

“కూర్చో తల్లీ. చెప్పావు, మంచి పని చేశావు. నీ వయసులో ఎంతమంది చెబుతారు? దేవుడు నిన్ను క్షమించాడు. నేనూ క్షమించాను.”

“కాగితం మార్చాలి సార్.”

“ఆ కాగితం ముగిసిపోయింది.”

“అందులో అబద్ధం ఉంది. బార్ కట్టేసి ఉంది.”

“పట్టీల సంగతి నాకు తెలీదనుకున్నావా? పదకొండేళ్లుగా చూస్తున్నా. పట్టీ లేకుండా గంటకు నూట ఇరవై ఎవరు తీశారే ఇక్కడ?”

“తెలిసీ అలా రాశారా?”

“తెలిసిందంతా రాస్తే లాండ్రీ మూతపడుతుంది. నలభై రెండు మంది ఇంటికి పోతారు.” ఆయన గొంతు పెంచలేదు. “బయట చెప్పావనుకో, మొదట అడిగేది నిన్నే. కట్టిందెవరు? నువ్వు. విప్పి దాచిందెవరు? నువ్వు. దొంగ సాక్షి సంతకం పెట్టిందెవరు? మూడు తప్పులూ నీవే. నా సంతకం ఎక్కడుందో వెతుక్కో.”

పరుగమ్మ లేవబోయింది.

“వచ్చే నెల నుంచి నిన్ను లెక్కల టేబుల్ దగ్గర వేద్దామనుకుంటున్నా. రోలర్ దగ్గరికి పోయే పనే ఉండదు. కొత్తగా మొదలుపెట్టు. లెంటు అంటే అదే కదమ్మా?”

రెండున్నరకు పరుగమ్మ చర్చికి వెళ్లింది. పాస్టరు గారు ఆదివారానికి వచ్చిన మట్టల కట్టలు విప్పి గోడకు ఆనించి పెడుతున్నారు. ఆమె రాక ఆయనకు ముందే తెలిసినట్టుంది. బల్ల మీద చోటు చూపించారు.

“అంకుల్ ఫోన్ చేశారమ్మా. నువ్వు ఆ సోదరి దగ్గరికి వెళ్లావా?”

“వెళ్లానయ్యగారూ.”

“తప్పు ఒప్పుకున్నావా?”

“ఒప్పుకున్నాను.”

“క్షమించమని అడిగావా?”

“అడిగాను. క్షమిస్తాననలేదు.”

“ఆమె మనసు ఇంకా గట్టిగా ఉంది. ఆమె కోసం ప్రార్థన చేద్దాం. నీ వంతు నువ్వు చేశావు, అక్కడితో నీ భారం దిగిపోయింది. మిగతాది ఆమెకూ దేవుడికీ మధ్య సంగతి. ఏదీ, కార్డు ఇలా ఇవ్వు.”

ఆమె పట్టీ విప్పి కార్డు ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేరు చదివారు. జేబులోంచి పెన్ను తీశారు.

“ఆమె బదులు నేను పెడతాను. సంఘకాపరిగా ఆ అధికారం నాకుంది.”

పెన్ను గీతకు తగలబోయింది. పరుగమ్మ కార్డును ఆయన వేళ్ల కింది నుంచి లాగేసింది. కాగితం మీద చిన్న చుక్క పడింది.

“వద్దు అయ్యగారూ.”

“నీ ఒక్కదానిదీ ఖాళీగా ఉంటే బాగుండదమ్మా. చిన్న పిల్లలు చూస్తారు.”

“ఆమెకు సంతకం వచ్చండీ” అంది పరుగమ్మ. “వచ్చేది.”

పట్టీని మళ్లీ కార్డుకు చుట్టుకుని బయటికి వచ్చేసింది.

*

శనివారం ఆరు గంటలకు పరుగమ్మ డ్యూటీకి వెళ్లలేదు. తొమ్మిదింటికి మడతక్క తలుపు తట్టింది. మడతక్కే తీసింది.

“సార్‌కి చెప్పాను. కాగితం మార్చరట” అంది పరుగమ్మ. “కార్మిక శాఖ ఆఫీసు ఇవాళ ఒంటిగంట దాకా ఉంటుందక్కా. నడవగలవా?”

“వేళ్లే పోయాయి, కాళ్లున్నాయి” అంది మడతక్క.

ఆఫీసులో వాళ్లకు ముందు నలుగురున్నారు. పదకొండున్నరకు పిలుపు వచ్చింది. గుమాస్తా ప్రశ్న అడిగి, జవాబు విని, రాసుకుంటూ పోయాడు. అంతా అయ్యాక పైకి చదివి వినిపించాడు. పరుగమ్మ రెండుచోట్ల ఆపి సరిచేయించింది. బార్ కట్టింది ఉదయం ఆరున్నరకు, ఏడుకు కాదు. పట్టీ విప్పింది అంబులెన్సు రాకముందు, తర్వాత కాదు.

“ఇంకొకటి రాయండి. పట్టీ కట్టడం ఈ అమ్మాయికి నేర్పింది నేనే. నేనూ కట్టేదాన్ని” అంది మడతక్క.

గుమాస్తా కలం ఆపాడు. “అది రాస్తే మీ కేసు బలం తగ్గుతుందమ్మా. మీకే నష్టం.”

“ఇంతకంటేనా?” అంది మడతక్క. కట్టు ఎత్తి చూపించింది.

గుమాస్తా రాశాడు. తర్వాత పరుగమ్మ వైపు తిరిగాడు. “మంగళవారం కాగితం మీద సాక్షి సంతకం మీదేనా?”

“నాదే.”

“అది అబద్ధమని ఇప్పుడు రాసిస్తున్నారు. మీ మీద కూడా చర్య ఉండొచ్చు. ఉద్యోగం ఎలాగూ ఉండదు. తెలిసే పెడుతున్నారా?”

“తెలుసండి.”

ఆయన కాగితాలు ఇటు తిప్పి పెన్ను ఇచ్చాడు. పరుగమ్మ పెన్ను పట్టుకుని మడతక్క వైపు చూసింది.

“అక్కా, నన్ను...”

“ముందు సంతకం పెట్టు” అంది మడతక్క.

పరుగమ్మ మూడుచోట్ల పెట్టింది. గుమాస్తా ఇంకుప్యాడ్ జరిపాడు. మడతక్క ఎడమ బొటనవేలు ప్యాడ్ మీద ఆనించి, తన వాంగ్మూలం కింద ఒత్తింది. గుడ్డ కోసం చూసింది. గుడ్డ లేదు. వేలిని గోడకు రాసింది.

“ఆ పట్టీ ఏదీ?” అన్నాడు గుమాస్తా.

పరుగమ్మ సంచిలోంచి తీసింది. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “లోపల ఈ కార్డేంటి?”

“అది... చర్చిదండి.”

“విప్పి ఇచ్చేయనా?”

మడతక్క కార్డు వైపు చూసింది. “విప్పకండి. ఎలా ఉందో అలాగే పెట్టండి” అంది.

ఆయన రెంటినీ ఒక కవరులో వేసి, కవరు మీద నంబరు వేసి, కాగితాలకు కలిపి కుట్టాడు.

మెట్లు దిగేటప్పుడు మడతక్క చెప్పు జారింది. పరుగమ్మ వంగింది. మడతక్క చెయ్యి అడ్డం పెట్టి, కాలితోనే సర్దుకుంది. కింది మెట్టు మీద భర్త కనిపించాడు. ఇద్దరూ ఇంటివైపు వెళ్లారు. మడతక్క వెనక్కి తిరగలేదు.

పరుగమ్మ లాండ్రీ గేటుకు వెళ్లింది. గోడ మీది అరలో నలభై ఒక్క టైమ్ కార్డులున్నాయి. ఆమెది లేదు. కిటికీ అద్దంలోంచి ఒకటో నంబరు రోలర్ కనిపిస్తోంది. దాని మీద కొత్త మనిషి ఉంది. ఎడమవైపు కడ్డీకి తెల్ల పట్టీ కట్టి ఉంది.

*

మట్టల ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి మొదలైంది. రెండో వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. పాట మూడో చరణంలో గొంతులు జారాయి. యూత్ కార్డులను సంఘపెద్ద పళ్లెంలో పోగు చేసి పాస్టరు గారికి ఇచ్చాడు. ఆయన మైకు ముందే లెక్కపెట్టారు. ముప్ఫై ఉన్నాయి. ముప్ఫై కార్డుల మీదా సంతకాలున్నాయి. ఆయన వాటిని బల్ల మీద పెట్టి, ఆశీర్వాదం చెప్పారు.

ముప్ఫై ఒకటో కార్డు పట్టీ చుట్టుకుని కార్మిక శాఖ ఆఫీసులోని కవరులో ఉంది. పై గీత మీద పేరుంది. కింది గీత మీద సిరా చుక్క ఉంది.